సన్న రక్తనాళాలను చూడటం, వాటిని అడగటం

(షుగర్ ఉన్నవాళ్ల కోసం జరిగిన అవగాహన సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. మీ మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, ఎంతో గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మంచిది, దించండి. ఇప్పుడు మీ యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతో తెలిసినవాళ్లు ఎత్తండి. చూశారా, చేతులు ఎలా తగ్గిపోయాయో! పోనీ, ఈ ఏడాదిలో కంటి వెనక పొర, అదే రెటీనా, ఫోటో తీయించుకున్నవాళ్లు? కొంచెం నయం.

ఎందుకడిగానంటే, షుగర్ నంబరు రక్తంలో ఏముందో చెబుతుంది. ఆ రక్తం పారే నాళానికి ఏమైందో చెప్పదు. ఒకే హెచ్‌బీఏ1సీ ఉన్న ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెడితే, ఒకరి రెటీనా శుభ్రంగా ఉండొచ్చు, ఇంకొకరి రెటీనాలో అప్పటికే రక్తపు చుక్కలు కనబడొచ్చు. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, బీపీ ఎంత, పొగ తాగుతారా, వంశంలో ఏముంది, ఇవన్నీ కలిసి నాళం మీద పడతాయి. కాబట్టి నాళాన్నే చూడాలి. నాళాన్నే అడగాలి. చూడటం వేరు, అడగటం వేరు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇంతకీ ఏ నాళాల గురించి మాట్లాడుతున్నాం? గుండెకు, మెదడుకు వెళ్లే పెద్ద ధమనుల గురించి కాదు. స్టెంట్లు, బైపాస్‌లు, ఆ కథ వేరు. ఇది ఆ ధమనులు చీలీ చీలీ చివరికి మిగిలే సన్న నాళాల సంగతి. వాటిలో అన్నిటికంటే సన్నవి కేశనాళికలు. కేశనాళిక వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్ర రక్తకణం వెడల్పే 7, 8 మైక్రాన్లు ఉంటుంది. అంటే చాలాచోట్ల ఆ కణం ఒంగి, మడతపడి, ఒకదాని వెనక ఒకటిగా దూరి పోవాల్సిందే. గోడ మందం కూడా ఒక్క కణమే. అంత పల్చగా ఉంటేనే ఆక్సిజన్ బయటికి పోతుంది, కండ వదిలేసిన వ్యర్థాలు లోపలికి వస్తాయి. ఒంట్లో అసలు ఇచ్చిపుచ్చుకోవడం జరిగే చోటు ఇదే. గుండె అంత కష్టపడేది రక్తాన్ని ఇక్కడిదాకా తెచ్చి అప్పజెప్పడానికే.

రక్తం గుండె నుంచి బయల్దేరి మళ్లీ గుండెకే చేరుతుందని ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో రాశాడు. కానీ ధమనిలోంచి సిరలోకి ఎలా దాటుతుందో ఆయన చూడలేకపోయాడు. చూసే సాధనం లేదు. 1661లో ఇటలీలో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని మైక్రోస్కోపు కింద పెట్టి ఈ నాళాలను చూశాడు. అప్పటికి హార్వే పోయి నాలుగేళ్లయింది, పాపం.

ఇంకొకాయన పేరు చెప్పకుండా ముందుకు పోలేను. డెన్మార్క్‌కు చెందిన ఆగస్ట్ క్రోగ్. కండ పనిచేసేటప్పుడు కేశనాళికల్లో రక్తప్రసారం ఎలా సర్దుకుంటుందో పరిశోధించినందుకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య పేరు మేరీ, ఆమె స్వయంగా డాక్టరు, పరిశోధకురాలు. ఆమెకు షుగర్ వ్యాధి ఉంది. 1922లో ఇద్దరూ అమెరికా వెళ్లినప్పుడు కెనడాలో ఇన్సులిన్ కనుక్కున్నారని విని, క్రోగ్ టొరంటో వెళ్లి, అనుమతి తీసుకుని, మరుసటి ఏడాదికల్లా డెన్మార్క్‌లో తయారీ మొదలుపెట్టించాడు. కేశనాళికల మనిషే ఇన్సులిన్‌ను యూరప్‌కు తెచ్చినవాళ్లలో ఒకడయ్యాడు! ఇది మన విషయానికి అవసరమా అంటే అంత అవసరం కాదు. చెప్పాలనిపించింది, చెప్పాను.

సరే. షుగర్ ఈ నాళాన్ని ఏం చేస్తుంది? మూడు పనులు చేస్తుంది. నాళం లోపలి పొర, ఎండోథీలియం అంటాం, అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువు సన్న ధమనుల కండరాన్ని సడలించి, రక్తం ఎక్కువ కావలసినప్పుడు దారి పెద్దది చేస్తుంది. షుగర్ ఎక్కువగా ఉంటే ఆ వాయువు తగ్గుతుంది. అంటే నాళం చూడటానికి బాగానే ఉంటుంది, అవసరం వచ్చినప్పుడు మాత్రం తెరుచుకోదు. రెండోది, నాళం చుట్టూ ఉండే ఆధారపు పొర మందమెక్కుతుంది. మూడోది, నాళాన్ని బయటి నుంచి పట్టుకుని ఉండే పెరిసైట్లు అనే కణాలు చచ్చిపోతాయి. రెటీనాలో ఈ కణాలు మరీ దట్టంగా ఉంటాయి, అందుకే వాటి లోటు అక్కడ ముందు బయటపడుతుంది. పట్టు తప్పిన చోట గోడ బుడిపెలా ఉబ్బుతుంది, కారుతుంది, చివరికి నాళం మూసుకుపోతుంది.

ఇందులో ఎక్కడైనా నొప్పి ఉందా? లేదు. కళ్లు బానే కనబడుతుంటాయి. కాళ్లు నడుస్తుంటాయి. యూరిన్ మామూలుగానే వస్తుంటుంది. 'నాకేం బాధ లేదు డాక్టరుగారూ' అని మీరు అనేది అబద్ధం కాదు. నిజంగానే బాధ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

మరి లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి? ముక్క కోసి చూడొచ్చు. కిడ్నీ బయాప్సీ ఉంది, చర్మం బయాప్సీ ఉంది. అవసరమైన కేసుల్లో చేస్తాం కూడా. కానీ బాధ లేని మనిషిని ఏటేటా కోసి చూస్తామా? పైగా ఒకసారి కోసిన ముక్కను రెండోసారి చూడలేం. నాళంలో మార్పు తెలియాలంటే అదే చోటును మళ్లీ మళ్లీ చూడాలి. కోయకుండా, గుచ్చకుండా చేసే పరీక్షల అసలు బలం అది. నొప్పి లేకపోవడం ఒక సుఖం. మళ్లీ చేయగలగడం, అదీ విలువ.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం. ఒంట్లో రక్తనాళాలను ఉన్నవి ఉన్నట్టు, చర్మం అడ్డం లేకుండా చూడగలిగే చోటు కన్ను. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపును లోకానికి చూపించినప్పటి నుంచి చూస్తున్నాం. ఇప్పుడు రెటీనాను ఫోటో తీసే ఫండస్ కెమెరా ఉంది. గడ్డం ఆనించి కూర్చుంటారు, ఒక మెరుపు మెరుస్తుంది, ఫోటో వస్తుంది. ఆ ఫోటోలో మేం ముందు వెతికేది చిన్న ఎర్ర చుక్కల కోసం. ఇందాక చెప్పిన ఉబ్బిన బుడిపెలు అవే, మైక్రో అన్యూరిజంలు. ఆ తర్వాత రక్తపు మరకలు, కారిన కొవ్వు పసుపు మచ్చలుగా. ముదిరాక పిచ్చిగా మొలిచే కొత్త నాళాలు. ఆ కొత్త నాళాలు చిట్లితేనే చూపు ఒక్కసారిగా పోతుంది.

ఫోటోకు ఒక పరిమితి ఉంది. అందులో కేశనాళికలు విడివిడిగా కనబడవు. వాటి దెబ్బ కనబడుతుంది గానీ అవి కనబడవు. అందుకని రంగు ఎక్కించే పద్ధతి వచ్చింది. చేతి సిరలోకి ఫ్లోరెసీన్ అనే రంగు ఎక్కిస్తే, అది కంట్లోకి చేరాక వరుసగా ఫోటోలు తీస్తారు. దీని వెనక ఒక కథ ఉంది. దీన్ని తేల్చింది ఇద్దరు అమెరికన్ వైద్య విద్యార్థులు, నోవోట్నీ, ఆల్విస్. కంటి పత్రిక వాళ్ల వ్యాసాన్ని తిప్పి పంపింది. 1961లో అది గుండె, రక్తప్రసరణ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు కంటి డాక్టర్లందరూ దాని మీదే ఆధారపడ్డారు! కానీ ఇందులో సూది ఉంది. కొందరికి వికారం వస్తుంది, అరుదుగా ఎలర్జీ. ఏ ఇబ్బందీ లేని మనిషికి ఏటా చేసే పరీక్ష కాదు.

సూది లేకుండా ఆ పని చేసేదే ఓసీటీ యాంజియోగ్రఫీ. ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా వినండి, అందమైన ఆలోచన. రెటీనా మీదికి కాంతి పంపి, పొరపొరనా తిరిగొచ్చే కాంతిని కొలిచే ఓసీటీ 1991లో వచ్చింది. దాంతో ఒకే చోటును వెంటవెంటనే రెండు మూడుసార్లు స్కాన్ చేస్తారు. కదలనివన్నీ ప్రతిసారీ ఒకేలా ఉంటాయి కదా? కంట్లో ఆ క్షణంలో కదిలేది ఏమిటి? ఎర్ర రక్తకణాలు. రెండు స్కాన్ల మధ్య తేడా ఎక్కడ ఉందో అక్కడ రక్తం పారుతున్నట్టు. ఆ తేడాలను బొమ్మగా కడితే కేశనాళికల వల మొత్తం కనబడుతుంది. రంగు అక్కర్లేదు. పైపొర వల వేరుగా, లోపొర వల వేరుగా కూడా చూడొచ్చు.

రెటీనా సరిగ్గా నడిమధ్యన, చూపు బాగా పదునుగా ఉండే చోట, అసలు నాళాలే ఉండవు. అడ్డంగా అరమిల్లీమీటరు అటూ ఇటూ ఉండే ఖాళీ. షుగర్ ఉన్నవాళ్లలో దాని అంచున ఉన్న నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోయి ఆ ఖాళీ పెరుగుతుంది, అంచు గరుకుగా తయారవుతుంది. మామూలు ఫోటోలో ఒక్క చుక్క కూడా లేనివాళ్లలో సైతం ఇలాంటి మార్పు చాలా పరిశోధనల్లో కనబడింది. 'అయితే అందరికీ అదే తీసేయండి' అంటారా? ఆగండి. ఆ ఖాళీ ఎంత ఉండాలన్నది ఆరోగ్యవంతుల్లోనే మనిషికీ మనిషికీ చాలా తేడా. ఒక్కసారి తీసిన బొమ్మ చూసి 'మీది పెరిగింది' అని ఎలా చెప్తాం? రెండోది, రక్తం మరీ నెమ్మదిగా పారితే ఈ యంత్రం దాన్ని పట్టుకోలేదు. బొమ్మలో నాళం లేదంటే నిజంగా లేనట్టు కాదు. మూడోది, కారుతున్న నాళాన్ని ఇది చూపించదు, రంగు పద్ధతే చూపిస్తుంది. రెప్ప కొట్టినా, కన్ను కదిలినా బొమ్మలో గీతలు. పేషెంటు ఏం చేస్తారు, రెప్ప కొట్టకుండా ఎంతసేపని ఉంటారు?

కంటి ఫోటోలను కంప్యూటరే చదవడం గురించి ఒక్క మాట. డాక్టరు చూడకుండా యంత్రమే ఫోటో చూసి 'కంటి డాక్టరు దగ్గరికి పంపండి' లేదా 'ఏడాదికి రండి' అని తేల్చే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో మొదటిసారి అనుమతి ఇచ్చింది. నాకు దీని మీద నమ్మకం ఉంది. ఫోటో తీయించుకోని మనిషిని మాత్రం ఏ కంప్యూటరూ కాపాడలేదు.

కన్ను అయింది. ఇప్పుడు మీ ఉంగరపు వేలు చూసుకోండి. గోరు మొదట్లో, చర్మం గోరును కలిసే చోట సన్నటి అంచు ఉంది చూడండి. అక్కడ మామూలు చర్మానికి లేని సౌకర్యం ఒకటుంది. మిగతా చోట్ల కేశనాళికలు చర్మానికి నిలువుగా ఉంటాయి, పైనుంచి చూస్తే చుక్కలే కనబడతాయి. గోరంచు దగ్గర అవి పడుకుని ఉంటాయి. ఒక చుక్క నూనె వేసి, రెండు వందల రెట్లు పెద్దది చేసే మైక్రోస్కోపు పెడితే, వరుసలు వరుసలుగా కనబడతాయి. ఒక్కొక్కటి సన్నగా ముందుకు వచ్చి, మలుపు తిరిగి, కొంచెం లావుగా వెనక్కి పోతుంది. లోపల రక్తం పోతుండటం కూడా కనబడుతుంది! మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా సరే, కాసేపు కళ్లు తిప్పుకోరు. ఆరోగ్యంగా ఉంటే మిల్లీమీటరుకు ఏడో అంతకంటే ఎక్కువో ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో మెలికలు తిరుగుతాయి, ఉబ్బుతాయి, అక్కడక్కడ రక్తం చిందినట్టు ఉంటుంది, మధ్యమధ్య ఖాళీలు వస్తాయి.

ఈ పరీక్ష స్క్లెరోడెర్మా అనే చర్మవ్యాధిలో బాగా నిలదొక్కుకుంది. రోగ నిర్ధారణలోనే వాడతారు. షుగర్‌లో ఇంకా ఆ స్థాయికి రాలేదు. ఎందుకంటే మెలికలు మామూలు మనుషుల్లోనూ ఉంటాయి. గోళ్లు కొరికే అలవాటున్నా, చేతిపని చేసేవాళ్లకు వేలికి దెబ్బలు తగిలినా బొమ్మ మారిపోతుంది. నెయిల్ పాలిష్ ఉంటే చూడనేలేం. గది చల్లగా ఉంటే నాళాలు ముడుచుకుంటాయి, అందుకే వచ్చిన వెంటనే చూడరు, పావుగంట ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు చూస్తారు.

ఇంతవరకు చెప్పిందంతా చూడటం. నాళం ఎలా ఉందో చూడటం. కానీ ఇందాక ఏం చెప్పుకున్నాం? మొదట పోయేది రూపం కాదు, అవసరానికి తెరుచుకునే గుణం. దాన్ని ఫోటోలో ఎలా పడతారు? ఎద్దును కొనేవాడు కొట్టంలో నిలబెట్టి చూసి డబ్బులివ్వడు. కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూస్తాడు. నాళానికి కూడా అంతే. పని చెప్పి చూడాలి. మొదట్లో అడగటం అన్నది ఇదే.

పని ఎలా చెప్తారు? ఒకటి, వేడి. ముంజేతి చర్మం మీద చిన్న బిళ్ల అంటించి 42 డిగ్రీల దాకా వేడి చేస్తారు. కాలదు, వెచ్చగా ఉంటుంది. పక్కనే సన్నటి లేజర్ కాంతి చర్మంలోకి పోతుంది. కదిలే రక్తకణాలకు తగిలిన కాంతి కొద్దిగా రంగు మారి, అంటే పౌనఃపున్యం మారి, తిరిగొస్తుంది. ఆ మార్పును బట్టి రక్తం ఎంత పారుతోందో లెక్క. లేజర్ డాప్లర్ అంటారు, 1975 నుంచి ఉంది. వేడి తగలగానే కొద్ది నిమిషాల్లో గీత ఒక్కసారి పైకి లేస్తుంది. అది నరాలు చేసిన పని. ఆ తర్వాత కొంచెం తగ్గి, మళ్లీ నెమ్మదిగా పెరిగి, ఇరవై ముప్పై నిమిషాలకు ఒకచోట నిలబడుతుంది. ఈ రెండోది ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్ చేసిన పని. చూశారా, ఒకే గీతలో నరం సంగతి ఒకచోట, నాళం లోపలి పొర సంగతి ఇంకోచోట! ఇది నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష, దాచుకోవడం ఎందుకు.

రెండోది, బీపీ పట్టీ. చేతికి పట్టీ కట్టి కొన్ని నిమిషాలు రక్తం ఆపేసి, వదిలేస్తారు. ఆకలిగొన్న కండరానికి రక్తం ఎంత ఉరికి వస్తుందో కొలుస్తారు. మూడోది కంటికి మిణుకు మిణుకుమనే కాంతి. అలాంటి కాంతి చూస్తే రెటీనాకు పని పెరిగి, అక్కడి నాళాలు కొద్ది శాతం వెడల్పవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఆ వెడల్పు తగ్గుతుంది.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరంలో ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. అక్కడివాళ్లు ఈ వేడి పరీక్షా, ఈ మిణుకు కాంతి పరీక్షా చేసి 2016లో ఫలితాలు ప్రకటించారు. షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు సరిగా స్పందించలేదు. అది ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, షుగర్ ఇంకా రాని, వచ్చే హద్దులో ఉన్నవాళ్లలో, ప్రీడయాబెటిస్ అంటున్నామే, వాళ్లలోనే నాళాల స్పందన అప్పటికే తగ్గి ఉంది. అంటే నాళం చెడటం షుగర్ వచ్చాకే మొదలవుతుందని అనుకోవడానికి లేదు. బహుశా నాళాలు చెడటం కూడా షుగర్ రావడానికి ఒక కారణమేమో అని ఆలోచించేవాళ్లు ఉన్నారు. ఇన్సులిన్ కండరానికి చేరాల్సింది కూడా ఈ సన్న నాళాల ద్వారానే కదా?

మరి ఇంత మంచి పరీక్షలు మీ డాక్టరు ఎందుకు రాయడం లేదు? అడగాల్సిన ప్రశ్నే. లేజర్ డాప్లర్ చూసేది ఒక మిల్లీమీటరు లోతు, అంతే చిన్న చోటు. బిళ్లను నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిపితే అంకె మారిపోతుంది. ఆ అంకెకు అన్ని యంత్రాలకూ సరిపోయే యూనిట్ కూడా లేదు, ఆ యంత్రం అంకె ఆ యంత్రానిదే. పొద్దున కాఫీ తాగితే మారుతుంది, సిగరెట్ తాగితే మారుతుంది, టెన్షన్‌గా ఉంటే మారుతుంది. వందమంది సగటును ఇంకో వందమంది సగటుతో పోల్చడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి 'మీకు ఇంత ఉంది, కాబట్టి ఈ మందు' అని చెప్పడానికి ఇంకా పనికి రాదు. పరిశోధనకూ వైద్యానికీ మధ్య ఉన్న దూరం అది.

ఇంకో మాట, మన రంగు వాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. చర్మం మీద అతినీలలోహిత కాంతి వేసి, ఏళ్ల తరబడి పేరుకున్న చక్కెర అంటిన ప్రోటీన్లను కొలిచే యంత్రాలు ఉన్నాయి. ముంజేయి పెడితే చాలు, క్షణాల్లో అంకె. మంచిదే. కానీ చర్మం నల్లగా ఉంటే మెలనిన్ ఆ కాంతిని మింగేస్తుంది, అంకెను నమ్మలేం. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కూడా నల్లటి చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని తేలింది. కాంతితో చర్మంలోంచి కొలిచే ఏ పరీక్షైనా సరే, 'మాలాంటి చర్మం మీద దీన్ని పరీక్షించారా?' అని అడగండి. సిగ్గుపడకండి.

కాలి సంగతి. ఇది త్వరగా చెప్తాను. కాలి బీపీని చేతి బీపీతో భాగించే పరీక్ష మీలో చాలామందికి చేసి ఉంటారు. అది పెద్ద ధమనులది. పైగా షుగర్ ఉన్నవాళ్లలో కాలి ధమని గోడలో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు. రక్తం సరిగా పోకపోయినా అంకె మామూలుగా, ఒక్కోసారి 1.3 దాటి కూడా వస్తుంది. 'ఎక్కువ వచ్చింది, మంచిదే' అనుకుంటే మోసపోతాం. అలాంటప్పుడు కాలి బొటనవేలి బీపీ చూడాలి, ఆ నాళాలు అంతగా గట్టిపడవు. పుండు ఉన్నవాళ్లకు ఇంకోటి ఉంది, చర్మం మీద వెచ్చటి సెన్సర్ అంటించి అక్కడికి చేరే ఆక్సిజన్‌ను కొలుస్తారు. అది 30 మిల్లీమీటర్ల (బీపీలాగే పాదరసపు కొలత) కంటే తక్కువగా ఉంటే ఆ పుండు దానంతటది మానడం కష్టం, రక్తప్రసారం సంగతి చూడాల్సిందే. ఈ పరీక్ష మాత్రం నిజంగా నిర్ణయాలను మారుస్తుంది. కాలు నిలబెట్టాలా, ఎక్కడిదాకా తీయాలా అన్న చర్చలో ఉంటుంది.

ఇక ఎవరూ ఎదురుచూడనిది, యూరిన్ చీటీ. నవ్వకండి. కిడ్నీ అంటే ఏమిటి? ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా కేశనాళికల ఉండలు ఉంటాయి. రక్తాన్ని వడపోసేది అవే. ఆరోగ్యంగా ఉంటే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను దాదాపుగా బయటికి పోనివ్వవు. గోడ చెడితే కొంచెం కొంచెంగా కారుతుంది. అంటే ఆ చిన్న సీసాలో మీరిచ్చేది లక్షల కేశనాళికలు కలిసి రాసిన రిపోర్టు! కోయలేదు, గుచ్చలేదు, లేజర్ లేదు. ఆల్బుమిన్‌ను అదే యూరిన్‌లోని క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి చూస్తారు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు మామూలు. 30 నుంచి 300 అంటే కారడం మొదలైంది. ఆపైన అంటే బాగా కారుతోంది. రక్తంలో క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే ఇది బయటపడొచ్చు.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని హడలిపోవద్దు. జ్వరం ఉన్నా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందురోజు బాగా వ్యాయామం చేసినా, ఆడవాళ్లకు నెలసరిలో ఉన్నా పెరుగుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎక్కువుంటేనే లెక్క. కుదిరితే పొద్దున్నే మొదటి యూరిన్ ఇవ్వండి. అలాగే యూరిన్ బాగుందని రక్త పరీక్ష మానకండి. ఆల్బుమిన్ కారకుండానే కిడ్నీ పని తగ్గేవాళ్లూ ఉన్నారు. రెండూ కావాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఓసీటీ యాంజియో తీయించుకున్నామని గొప్పగా చెప్పి, యూరిన్ ఆల్బుమిన్ ఎప్పుడూ చేయించుకోనివాళ్లు వస్తుంటారు. నాకది తలకిందులుగా కనబడుతుంది. రెటీనా ఫోటో, యూరిన్ ఆల్బుమిన్, ఈ రెంటికీ వెనక దశాబ్దాల రుజువు ఉంది. ఫలితాన్ని బట్టి ఏం చేయాలో తెలుసు. లేజర్ చికిత్స ఉంది, కంట్లో ఇంజెక్షన్లు ఉన్నాయి, కిడ్నీని కాపాడే మందులు ఉన్నాయి. టైప్ 2 అయితే షుగర్ ఉందని తేలిన రోజునే రెండూ చేయించాలి, ఎందుకంటే అది వచ్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. టైప్ 1 అయితే అయిదేళ్లకు మొదలుపెట్టొచ్చు. షుగర్ ఉన్న స్త్రీ గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే కళ్లు చూపించుకోవాలి.

నాళం చెడిందని తెలిస్తే చేయగలిగిందేమైనా ఉందా? ఉంది. టైప్ 1 ఉన్న 1,441 మందితో అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనం 1993లో బయటికొచ్చింది. అధ్యయనం మొదలయ్యేనాటికి రెటీనా బాగున్నవాళ్లలో, షుగర్ గట్టిగా అదుపు చేసినవాళ్లకు రెటీనా జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. టైప్ 2లో బ్రిటన్ అధ్యయనం 1998లో వచ్చింది, హెచ్‌బీఏ1సీ 7.9 బదులు 7.0 ఉంచితే సన్న నాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లలో 37 శాతం తగ్గాయి. వింటున్నారా? బీపీ! షుగర్ పుస్తకం రాసుకునేవాళ్లు బీపీ పుస్తకం కూడా రాసుకోండి. ఒక జాగ్రత్త కూడా ఉంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా దించితే, మొదటి కొన్ని నెలల్లో రెటీనా జబ్బు కొందరికి కాస్త ముదురుతుంది. దించవద్దని కాదు. దించే ముందు కళ్లు చూపించుకోమని.

సభలో అడిగిన ప్రశ్నల్లో రెండు

చేతి గడియారంలో వెనక పచ్చలైటు వెలుగుతుంటుంది, అది నాళాలను కొలవదా అని అడుగుతున్నారు. అది కొలిచేది ప్రతి గుండె దెబ్బకూ చర్మంలో రక్తం ఎంత పెరిగి తరుగుతోందన్నది. అందులోంచి నాళాల సంగతి కూడా లాగొచ్చని పరిశోధనలు జరుగుతున్నాయి. ఇవాళ్టికైతే నాడి వేగానికి నమ్మండి. గడియారం బాగుందని చెప్పింది కాబట్టి కంటి పరీక్ష మానేశాననొద్దు.

రెండోది ఆ అమ్మగారి ప్రశ్న. కంట్లో చుక్కలు వేస్తే పూటంతా మసగ్గా ఉంటుంది, చుక్కలు లేకుండా కుదరదా? కుదురుతుందమ్మా, చాలా కెమెరాలు చీకటి గదిలో చుక్కలు లేకుండానే తీస్తాయి. కాకపోతే వయసు పైబడినవాళ్లకూ, షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నవాళ్లకూ కంటిపాప చిన్నగానే ఉండిపోతుంది. ఫోటో మసగ్గా వస్తే దాన్ని బాగుందని రాయలేం, అప్పుడు చుక్కలు వేయాల్సిందే. కంట్లో ప్రెషర్ ఉందనో, చుక్కలు వేయించుకోవద్దనో ఎవరైనా ఇదివరకు చెప్పి ఉంటే ముందే చెప్పండి. ఆ మసక కొన్ని గంటలుంటుంది, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. నల్ల కళ్లద్దాలు తెచ్చుకోండి. ఆ రోజు బండి మీరు నడపకండి, ఇంట్లోవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకుని రండి.